ప్రోగ్రెసివ్‌లో నిలువు ప్రిజం: చదివేటప్పుడు అక్షరాలు రెండుగా కనిపిస్తున్నాయి

ప్రశ్న:
కస్టమర్‌కి 58 ఏళ్లు. కుడి -1.00, 1.5 ప్రిజం (కాంతిని వంచి రెండు కళ్ల బొమ్మల్ని కలిపే పవర్) బేస్ డౌన్ (మందమైన వైపు కిందికి). ఎడమ -3.50, 1.5 ప్రిజం బేస్ అప్ (మందమైన వైపు పైకి). యాడ్ (చదవడానికి అదనంగా కలిపే పవర్) 2.25. ఇదివరకు దూరానికి ఇదే ప్రిజంతో సింగిల్ విజన్ (ఒకే పవర్ అద్దాలు) వాడేవారు, ఇబ్బంది లేదు. ఇప్పుడు 14 మి.మీ. కారిడార్ (దూరం పవర్ నుంచి చదివే పవర్‌కి మారే నిడివి) ఉన్న ప్రోగ్రెసివ్ (పైనుంచి కిందికి పవర్ క్రమంగా మారే లెన్స్) ఇచ్చాం, ఫిట్టింగ్ హైట్ (లెన్స్ అడుగు నుంచి కంటిపాప ఎత్తు) రెండు వైపులా 20. పేపర్ చదువుతుంటే లైను మీద లైను ఎక్కుతోందంటున్నారు. దూరం చూసేటప్పుడు గడ్డం కాస్త ఎత్తితే హాయిగా ఉందట. లెన్సోమీటర్‌లో (లెన్స్ పవర్ కొలిచే పరికరం) కుడి 3 బేస్ డౌన్, ఎడమ సున్నా వస్తోంది. సగం సగం రాస్తే ల్యాబ్ మొత్తం కుడికే పెట్టినట్టుంది. వెనక్కి పంపాలా సార్?

జవాబు 1:
పంపకండి, లెన్సులు ఆర్డర్ ప్రకారమే ఉన్నాయి. ప్రోగ్రెసివ్ మందం తగ్గించడానికి యాడ్‌లో దాదాపు మూడింట రెండు వంతుల బేస్ డౌన్ రెండు లెన్సులకూ సమానంగా కలుపుతారు. ఇక్కడ అది 1.5. కుడికి 1.5 కలిసి 3 అయింది, ఎడమ బేస్ అప్ కొట్టుకుపోయి సున్నా అయింది. తేడా 3 అలాగే ఉంది కదా, చూడాల్సింది ఆ తేడానే. రీడింగ్ మాత్రం చెక్కిన రెండు గుర్తుల మధ్య, వాటికి సరిగ్గా నడిమి బిందువు దగ్గరే తీసుకోండి. ఫిట్టింగ్ క్రాస్ (కంటిపాపకి ఎదురుగా పెట్టే గుర్తు) దగ్గర తీస్తే అంకెలు మారిపోతాయి. ఇంకోటి, ఎప్పుడైనా ఒక్క లెన్సే మళ్లీ చేయించాల్సి వస్తే రెండోదానికి ఎంత థిన్నింగ్ (మందం తగ్గించడానికి కలిపిన ఆ ప్రిజం) ఉందో ల్యాబ్‌కి తప్పక చెప్పండి. అది లేకుండా వస్తే 1.5 ప్రిజం తేడా కొత్తగా పుట్టుకొస్తుంది.

జవాబు 2:
అసలు గొడవ రెండు కళ్ల పవర్ మధ్య ఉన్న 2.50 తేడాది. ప్రెంటిస్ సూత్రం వేసి చూడండి: సెంటీమీటర్లలో దూరం ఇంటూ పవర్. చదివే చోటు ఫిట్టింగ్ క్రాస్‌కి 14 మి.మీ. కింద ఉంటుంది. ప్రిజం బిందువు (పైన చెప్పిన, ప్రిజం కొలిచే నడిమి బిందువు) క్రాస్‌కి 4 మి.మీ. కింద అనుకుంటే, చదివే చోటు దానికి ఇంకా 10 మి.మీ. దిగువన. మైనస్ లెన్సులో కిందికి దిగేకొద్దీ బేస్ డౌన్ పెరుగుతుంది: కుడికి 1, ఎడమకి 3.5. ఎడమ 2.5 ఎక్కువ లాగడంతో మీరిచ్చిన 3లో చదివేటప్పుడు మిగిలేది 0.5. అందుకే లైన్లు ఎక్కుతున్నాయి. యాడ్, థిన్నింగ్ రెండు వైపులా సమానం కాబట్టి వాటి ప్రభావం రద్దవుతుంది.

దూరంలో దీనికి తిరగబడుతుంది. క్రాస్ ఆ బిందువుకి 4 మి.మీ. పైన కదా, అక్కడ 1 ప్రిజం ఎక్కువై 4 పడుతోంది. గడ్డం ఎత్తితే చూపు కిందికి జారి 3 దగ్గరికి వస్తుంది, అదే ఆ హాయి.

నిర్ధారణకి పెద్ద పనేం లేదు. కళ్లజోడు పెట్టుకునే చదవమనండి, ఎడమ లెన్స్ ముందు 2.5 లూజ్ ప్రిజం (చేత్తో పట్టుకునే విడి ప్రిజం) బేస్ అప్ పట్టండి. లైన్లు కలిసిపోతే ఇదే. దూరానికి కుడి ముందు 1 బేస్ అప్ పట్టి చూడండి.

జవాబు 3:
లెక్క సరిగ్గా ఉంది, కానీ దగ్గరి చూపుకి ఎంత ప్రిజం కావాలో కిందికి చూస్తుండగా విడిగా కొలిపించండి. కుడి సుపీరియర్ ఆబ్లిక్ (కంటిని కిందికి తిప్పే ఒక కండరం) బలహీనపడిన కేసైతే కిందికి చూసినప్పుడు కన్ను ఇంకా తప్పుతుంది, 3 చాలదు. డబుల్ కనిపించడం కొత్తగా, హఠాత్తుగా మొదలైతే మాత్రం జోడు పక్కనపెట్టి ముందు డాక్టర్ దగ్గరికి పంపాలి. అది అద్దాలతో సర్దుకునే విషయం కాదు.

ఎడమ లెన్సుకి స్లాబ్-ఆఫ్ (లెన్స్ కింది భాగాన్ని చెక్కి అక్కడ బేస్ అప్ తెచ్చే పద్ధతి) 2.5 చేయించవచ్చు, అయితే ప్రోగ్రెసివ్‌లో చేసే ల్యాబులు తక్కువ, గీత కూడా కనిపిస్తుంది. నా మాట వింటే చదవడానికి విడిగా సింగిల్ విజన్ ఇవ్వండి: కుడి +1.25, ఎడమ -1.25, దగ్గర కొలిచిన ప్రిజం, ఆప్టికల్ సెంటర్లు చదివే చూపుకి దించి. అలా సెంటర్లోంచి చూస్తారు కనుక పవర్ తేడా పెద్దగా లాగదు. కాంటాక్ట్ లెన్స్ పెట్టుకోగలిగితే ఎడమకి -2.50 వేసి, పైన రెండు కళ్లకూ -1.00 ప్రోగ్రెసివ్‌లో ఇదే ప్రిజం ఇవ్వొచ్చు. లెన్స్ కంటితోపాటే కదులుతుంది.

ప్రోగ్రెసివ్ ఉంచితే ఆర్డర్‌లో ‘క్రాస్ దగ్గర మొత్తం 3 కావాలి’ అని రాయండి, లేదంటే బిందువు దగ్గర 2 అడగండి. హైట్ కూడా సవరించాలి. ఒక్కో ప్రిజంకి కన్ను ఎపెక్స్ (ప్రిజం సన్నని అంచు) వైపు సుమారు 0.3 మి.మీ. జరుగుతుంది. బేస్ డౌన్ ఉన్న కుడికి 20.5, బేస్ అప్ ఉన్న ఎడమకి 19.5. కొన్ని ఫ్రీఫామ్ (కంప్యూటర్ లెక్కతో చెక్కే) డిజైన్లలో ఈ సవరణ సాఫ్ట్‌వేరే చేస్తుంది, రెండుసార్లు పడకుండా ల్యాబ్‌ని ముందే అడగండి.