పగటి ఎండ అంతే ఉన్నా ఏసీ వాడకం ఎందుకు పెరుగుతోంది?

ప్రశ్న (మలక్‌పేట నుంచి):
మేము నాలుగంతస్తుల భవనంలో పై అంతస్తులో పదకొండేళ్ళుగా ఉంటున్నాము. మొదట్లో మే నెలలో కూడా రాత్రి ఒంటిగంటకు ఏసీ ఆపేసి, కిటికీలు తెరుచుకుని పడుకునేవాళ్ళం. ఇప్పుడు అర్ధరాత్రి దాటాక కూడా పడకగది గోడకు చెయ్యి ఆనిస్తే వెచ్చగా తగులుతోంది, ఏసీ తెల్లవారేదాకా నడవవలసిందే. పత్రికల్లో గరిష్ఠ ఉష్ణోగ్రత మాత్రం మునుపటిలాగే 41 దగ్గరే కనిపిస్తోంది. మరి ఈ తేడా ఎక్కడిది? భూతాపం వల్ల చలి తగ్గి, శీతాకాలంలో మిగిలే విద్యుత్తు వేసవి ఖర్చును కొంత పూడుస్తుందని ఒక వ్యాసంలో చదివాను. అది మన నగరానికీ వర్తిస్తుందా?

జవాబు 1:
మీరు చదివింది చలిదేశాల సంగతండీ. అక్కడ ఇల్లు వెచ్చబెట్టుకోవడానికే ఇంధనం ఎక్కువగా ఖర్చవుతుంది కాబట్టి, చలి తగ్గితే ఆ మేరకు మిగులుతుంది. ఈ అవసరాన్ని డిగ్రీ-దినాలలో లెక్కిస్తారు: రోజు సగటు ఉష్ణోగ్రత 18 డిగ్రీల కంటే ఎంత తక్కువైతే ఇంటికి అంత వెచ్చదనం, ఎంత ఎక్కువైతే అంత చల్లదనం కావాలన్నమాట. హైదరాబాదులో జనవరి సగటే 22 దగ్గర ఉంటుంది. మనకు మిగలడానికి గీజరు తప్ప ఏముంది?

అసలు కారణం రాత్రుల్లో ఉంది. పగలు 41, తెల్లవారుజామున 25 ఉంటే సగటు 33, అంటే లెక్కకు వచ్చేవి 15 డిగ్రీలు. గరిష్ఠం కదలకుండా కనిష్ఠం 27 దగ్గరే ఆగిపోతే అవి 16 అవుతాయి. నెల తిరిగేసరికి 30 డిగ్రీ-దినాలు అదనంగా చేరతాయి. పగలంతా కాంక్రీటు దాచుకున్న వేడి రాత్రి బయటికి వస్తుంది, దానికి తోడు మన ఏసీలన్నీ గదుల్లోని వేడిని సందులోకే తోస్తాయి. బయట వేడి పెరిగిన కొద్దీ కంప్రెసరు అదే చల్లదనానికి ఎక్కువ కరెంటు తీసుకుంటుంది, అదీ సౌర విద్యుత్తు అందని వేళలో.

జవాబు 2:
పై అంతస్తు వారు ముందు స్లాబు సంగతి చూడాలి. మేము మొన్న మార్చిలో డాబా కడిగించి ఎండను తిప్పికొట్టే తెల్లని కూల్ పెయింట్ రెండు పూతలు వేయించాము. మధ్యాహ్నం మూడింటికి రంగు వేయని మెట్లగది పక్కన కాలు మోపలేకపోయాను, రంగు వేసిన చోట చెప్పులు లేకుండా నిలబడగలిగాను. దుమ్ము పేరుకుంటే ఆ గుణం తగ్గుతుంది కనుక అప్పుడప్పుడు కడగాలి. తెలంగాణ ప్రభుత్వం 2023లో తెచ్చిన కూల్ రూఫ్ విధానం 600 చదరపు గజాలు, ఆపైన ఉన్న స్థలాల్లో కట్టే కొత్త ఇళ్ళకు ఇలా ఎండను తిప్పికొట్టే పైకప్పును తప్పనిసరి చేసింది, కానీ నగరంలో ఎక్కువ ఇళ్ళు అంతకంటే చిన్నవే. ఏసీని 24 వద్ద పెట్టుకోండి, ఒక్కో డిగ్రీ పెంచితే సుమారు 6 శాతం విద్యుత్తు ఆదా అవుతుంది.

జవాబు 3:
ఏసీలు లేనివారి మాట కూడా ఇక్కడ రావాలి. మా ఇంట్లో పనిచేసే ఆవిడది రేకుల ఇల్లు, ఒక ఫ్యాను, ఒక కూలరు. మే నెల పొడిగాలిలో కూలరు బాగానే పనిచేస్తుంది. జూన్‌లో తేమ పెరిగాక అది ఉక్కపోతనే పెంచుతుంది. రాత్రంతా నిద్ర లేక ఆవిడ తెల్లవారుజామున వచ్చి మా వరండాలో కాసేపు కూర్చుంటుంది. ఆ ఇంటికి కావలసిన చల్లదనం ఏ మీటరులోనూ నమోదు కావడం లేదు. నా దృష్టిలో తెల్లరంగు మొదట పడవలసింది ఆ రేకుల మీదే.