జపాన్ జనం నిజంగా మారిపోయారా?

ప్రశ్న (గుంటూరు నుంచి):
గ్రూప్-1కి చదువుతున్నాను. యుద్ధాన్ని వదులుకున్నామని, సైన్యాన్ని ఉంచుకోమని జపాన్ రాజ్యాంగం 9వ అధికరణం చెబుతోంది. అదే దేశం 2022 డిసెంబరులో, రక్షణకు ఐదేళ్లలో 43 లక్షల కోట్ల యెన్‌లు పెడతానంది. అమెరికా దగ్గర టొమాహాక్ క్షిపణులు కూడా కొంటోంది. మారింది జనమా, ప్రభుత్వమా? అక్కడ ఉంటున్నవాళ్లు చెప్పగలరా?

జవాబు (హైదరాబాద్):
ఇందులో అంత ఆలోచించడానికి ఏముంది బ్రో? ఆ అధికరణం 1946లో, ఓడిన జపాన్‌ను నడిపిన అమెరికా జనరల్ మెకార్థర్ మనుషులు రాసిచ్చింది. పక్కన చైనా, ఉత్తర కొరియా ఉంటే ఎన్నాళ్లని చేతులు కట్టుకుని కూర్చుంటారు? 2017లో కొరియా క్షిపణి హొక్కైడో మీదుగా పోయింది. శాంతి పాఠాలు ఆ రోజుతోనే సరి.

జవాబు (నిషికసాయ్, టోక్యో):
పై మాటతో సగమే ఒప్పుకుంటాను. రాసింది అమెరికా వాళ్లే. కానీ 1947 మే 3న అమల్లోకి వచ్చాక అందులో ఒక్క అక్షరం కూడా మారలేదు. రాజ్యాంగాన్ని సవరించాలన్నది లిబరల్ డెమొక్రటిక్ పార్టీ 1955లో పుట్టినప్పటి నుంచీ పెట్టుకున్న లక్ష్యం. ఎక్కువ కాలం ఏలింది కూడా వాళ్లే. రెండు సభల్లో మూడింట రెండొంతుల మంది ఒప్పుకున్నాక జనం ఓటుకు వెళ్లాలి. ఆ ఓటు దాకా ఎవరూ వెళ్లలేకపోయారు.

నేనుండేది ఎడొగావా వార్డులో. మన తెలుగువాళ్లు బాగానే ఉన్నారిక్కడ. పక్కనే కొతో వార్డు, అక్కడ కితాసునాలో వైమానిక దాడుల మ్యూజియం ఉంది. 1945 మార్చి 10 తెల్లవారకముందే అమెరికా బాంబర్లు బీ-29లు ఈ తూర్పు టోక్యోను తగలబెట్టాయి. దాదాపు లక్ష మంది పోయారు. మా బిల్డింగ్ కింది వాటాలో ఒక పెద్దావిడ ఉంటారు. బడిపిల్లల్ని పల్లెలకు తరలించినప్పుడు ఆవిడనూ పంపారట, అలా బతికారు. ఆవిడ శాంతి గురించి ఉపన్యాసం ఇవ్వగా నేను వినలేదు. అమెరికాను కూడా పెద్దగా తిట్టరు. కోపమంతా సొంత ప్రభుత్వం మీదే. చివరిదాకా గెలుస్తున్నామన్నారు, బాంబులు పడితే పారిపోకుండా మంటలు ఆర్పమన్నారు. యుద్ధం అయ్యాక సైనికులకూ వాళ్ల కుటుంబాలకూ పెన్షన్లిచ్చి, ఇళ్లలో కాలిపోయిన మామూలు జనాన్ని వదిలేశారు. బాధితులు 2007లో కోర్టుకెక్కితే 2013లో సుప్రీంకోర్టు కూడా కాదంది. ఆ తరం శాంతివాదంలో నాకు ఎక్కువగా కనిపించేది ఏలికల మీద అపనమ్మకమే.

మరి సైన్యం? ఆత్మరక్షణ దళాలు 1954లో వచ్చాయి, అవే రాజ్యాంగ విరుద్ధమన్నవాళ్లు అప్పట్లో చాలామంది. ఇప్పుడు సర్వేల్లో పదిమందికి తొమ్మిది మంది మంచివాళ్లంటారు. 2011 సునామీలో లక్ష మంది జవాన్లు దిగడం అందరూ కళ్లారా చూశారు కదా! వాళ్ల నుంచి జనం మొదట కోరేది కూడా విపత్తు సాయమే. మా ఆఫీసు కుర్రాళ్లకూ జవాన్లంటే గౌరవమే, మీరూ చేరండి అంటే మాత్రం నవ్వేస్తారు. 2023 ఆర్థిక సంవత్సరంలో కావాల్సిన వాళ్లలో సగం మందే చేరారు.

గుంటూరు నుంచి మళ్లీ:
థాంక్స్ అండీ. 1960లో, 2015లో పార్లమెంటును చుట్టుముట్టినవాళ్లు 43 లక్షల కోట్లకు ఎందుకు రాలేదు మరి?

నిషికసాయ్:
1960లో యుద్ధం ముగిసి పదిహేనేళ్లే. ప్రధాని కిషి అంతకుముందు, యుద్ధకాలపు ప్రధాని తోజో మంత్రివర్గంలో పనిచేసినవాడు. ఆయన అమెరికాతో భద్రతా ఒప్పందం నెగ్గించుకుంటే జనం ఊరుకుంటారా? ఒక విద్యార్థిని చనిపోయింది, అమెరికా అధ్యక్షుడు ఐసెన్‌హోవర్ రాక రద్దయింది, కిషి దిగిపోయాడు. ఒప్పందం మాత్రం నిలిచింది. 2015లో ఆయన మనవడు, అప్పటి ప్రధాని అబే తెచ్చిన భద్రతా బిల్లులు కూడా అంత గొడవలోనూ పాసయ్యాయి. రోడ్డెక్కినా ఆగదని జనానికి తెలిసిపోయింది. పైగా 2022లో ఉక్రెయిన్‌ను చూసి పుట్టిన భయం నిజమైనదే. అప్పుడు రచ్చ జరిగింది ఆయుధాల కంటే పన్నుల మీద. కొనండి గానీ మా జేబులు వదిలేయండి, అంతే!

దక్షిణాన దీవుల రాష్ట్రం ఒకినావాను కూడా మర్చిపోకండి. జపాన్ భూభాగంలో అది 0.6 శాతమే, అమెరికా బలగాలకే కేటాయించిన స్థావరాల విస్తీర్ణంలో 70 శాతం అక్కడే. టోక్యోలో శాంతి ర్యాలీలకు వెళ్లేవాళ్లలో కూడా ఈ లెక్క ఎత్తేవాళ్లు తక్కువ, నాకది నచ్చదు.

పరీక్షలో రాస్తే 2014 జూలై 1 కేబినెట్ నిర్ణయం వదలొద్దు. 9వ అధికరణాన్ని ముట్టుకోకుండానే, మిత్రదేశం కోసం కూడా పోరాడొచ్చని దాని భాష్యం మార్చింది అప్పుడే.