7.1 అని పెట్టె మీద రాసి ఉంటే చాలా? ఆటకు హెడ్‌సెట్ మేలా, హెడ్‌ఫోన్లు మేలా?

రామగిరి వాసి
మాది నల్లగొండ, రెండు గదుల ఇల్లు. కంప్యూటర్ ముందు గదిలో ఉంది. నాయనమ్మ కూడా అక్కడే పడుకుంటుంది. డిగ్రీ పరీక్షలు అయిపోయాక రాత్రి పది దాటిన తర్వాత స్నేహితులతో కౌంటర్ స్ట్రైక్ 2, వాలరంట్ అనే తుపాకీ ఆటలు ఆడుతున్నాను. ఇన్నాళ్లూ ఫోనుతో వచ్చిన ఇయర్‌ఫోన్లతో నెట్టుకొచ్చాను. ఇప్పుడు వాటిలో ఒకటి పలకడం లేదు. ఐదు వేలు దాచుకున్నాను. చుట్టూ నుంచి శబ్దం వచ్చినట్టు వినిపించే 7.1 సరౌండ్ ఉన్న, మైకుతో కలిసి వచ్చే గేమింగ్ హెడ్‌సెట్ కొనమని స్నేహితులు అంటున్నారు. గేమింగ్ అన్న మాటకే ధర పెంచుతారని, మంచి హెడ్‌ఫోన్లు కొని మైకు విడిగా పెట్టుకోమని మా బావ అంటున్నాడు. ఎవరి మాట వినాలి?

పాలమూరు శ్రోత
మీ బావ చెప్పిందే సరైనది. ఎందుకో వివరంగా చెబుతాను.

మనిషికి చెవులు రెండే. కుడివైపు ఎవరైనా నడిస్తే ఆ చప్పుడు కుడి చెవికి ముందు చేరుతుంది. ఎడమ చెవికి సెకనులో వెయ్యో వంతు కూడా లేనంత ఆలస్యంగా, తల అడ్డు రావడం వల్ల కొంచెం మందంగా చేరుతుంది. ముందు నుంచా, వెనుక నుంచా, పై అంతస్తు నుంచా అన్నది చెవి డొప్పలోని మడతలు శబ్దాన్ని మార్చే తీరును బట్టి మెదడు పసిగడుతుంది. ఈ లెక్కంతా ముందే వేసి, రెండు చెవులకు రెండు ధ్వనులుగా అందించే పద్ధతి పేరు హెచ్ఆర్‌టీఎఫ్. వాలరంట్ సెట్టింగుల్లో అది ఉంది. కౌంటర్ స్ట్రైక్ 2లో ఆటే ఆ పని చేసి పెడుతుంది. అంటే మీకు కావలసింది రెండు చెవులకూ శుభ్రంగా పలికే మామూలు స్టీరియో.

ఆట ఇలా సిద్ధం చేసిన ధ్వనిని హెడ్‌సెట్ సాఫ్ట్‌వేర్ మళ్లీ 7.1గా మార్చబోతే, ఉడికిన అన్నాన్ని మళ్లీ పొయ్యి మీద పెట్టినట్టే. దిక్కులు కలగాపులగం అవుతాయి. అసలు 7.1 అంటే గదిలో ఏడు స్పీకర్లు, లోతైన శబ్దానికి మరొకటి. మార్కెట్లో దొరికే చాలా హెడ్‌సెట్లలో చెవికి ఒక్క డ్రైవరే, అంటే శబ్దం పుట్టించే చిన్న స్పీకరు ఒక్కటే ఉంటుంది. మిగిలిన పనంతా సాఫ్ట్‌వేర్‌దే. అలాంటి సాఫ్ట్‌వేర్ విండోస్ 10లో 2017 నుంచే విండోస్ సోనిక్ పేరుతో ఉచితంగా ఉంది. ఉచితంగా దొరికేదానికి విద్యార్థి దాచుకున్న డబ్బు పెట్టడం నాకు బాధ కలిగిస్తుంది.

నేనూ మొదట ఆ అంకె చూసే కొన్నాను. బాంబు పేలితే గుండె అదిరేది. ఆ అదురులోనే మెట్ల మీద అడుగుల చప్పుడు మునిగిపోయేది. బేస్, అంటే లోతైన శబ్దాల మోత, మిగతా సన్నని శబ్దాలను కప్పేస్తుంది. ఇప్పుడు సంగీతం కోసం చేసిన ఓపెన్ బ్యాక్ హెడ్‌ఫోన్లు వాడుతున్నాను. వాటి వెనుక జాలీ ఉంటుంది. శబ్దం తల లోపల కాక చుట్టూ ఉన్నట్టు వినిపిస్తుంది. మన ఎండలకు చెవులు ఉడికిపోవు కూడా. మీరూ అవే తీసుకోండి.

మిల్లు వీధి, మిర్యాలగూడ
7.1 గురించి మీరు చెప్పింది అక్షరాలా నిజం. చివరి సలహాకు మాత్రం ఒప్పుకోను. తమ్ముడి గదిలో నాయనమ్మ నిద్రపోతుందన్న సంగతి మీరు మరిచారు. జాలీ ఉంటే లోపలి కాల్పుల శబ్దం బయటికి వస్తుంది, బయటి శబ్దం లోపలికి పోతుంది. మా ఇంటి వెనుకే రైస్ మిల్లు ఉంది. కోతల కాలంలో ఆ రొద రాత్రి కూడా ఆగదు. మిత్రుడి దగ్గర ఓపెన్ బ్యాక్ తెచ్చుకుని చూశాను. రొద మీద అడుగుల చప్పుడు వినాలంటే వాల్యూమ్ పెంచుతూ పోవలసి వచ్చింది.

అది చిన్న విషయం కాదు. 80 డెసిబెల్స్ శబ్దాన్ని వారానికి 40 గంటలు వినవచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. 90 డెసిబెల్స్ అయితే వారానికి 4 గంటలే. ప్రతి 3 డెసిబెల్స్‌కు వ్యవధి సగానికి పడిపోతుంది. రోజూ రెండు గంటలు ఆడేవారికి ఆ 4 గంటలు రెండో రోజుకే అయిపోతాయి. వినికిడి పోతే తిరిగి రాదు.

ఇక మైకు. వేసవిలో కూలర్ లేకుండా ఎవరు కూర్చోగలరు? టేబుల్ మీద పెట్టిన మైకు కూలర్ గాలినీ, కీబోర్డు టకటకలనూ మీ మాటతో సమానంగా మోసుకుపోతుంది. హెడ్‌సెట్ మైకు నోటి పక్కనే ఉంటుంది. దూరం సగమైతే మీ గొంతు 6 డెసిబెల్స్ పెరుగుతుంది, కూలర్ మోత మాత్రం ఉన్నంతే ఉంటుంది. మెల్లగా మాట్లాడినా అవతలివారికి వినపడుతుంది. పెద్దవాళ్లు నిద్రపోయే గదిలో దీనికి మించిన సౌకర్యం ఏముంది?

పాలమూరు శ్రోత
నాయనమ్మ విషయం నేను సరిగ్గా చదవలేదు. ఆ గదికి ఓపెన్ బ్యాక్ పనికిరాదు, ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను. కానీ హెడ్‌సెట్టే దారి అని నేను అనను. వెనుక మూసి ఉన్న స్టీరియో హెడ్‌ఫోన్లకు కాలర్ మైకు తగిలించినా మైకు నోటికి దగ్గరగానే ఉంటుంది. మైకు పాడైతే మైకు ఒక్కటే మారుతుంది. హెడ్‌సెట్ మైకు పోతే మొత్తం బయట పడేసేవాళ్లే ఎక్కువ.

గడియారం సెంటర్ రిపేరు
పడేయనక్కర్లేదు, మా దగ్గరికి తెస్తే చేస్తాము. అయితే నా బల్ల మీదికి వచ్చేవాటిలో మైకు పోయినవి తక్కువ. ఎక్కువగా జాక్ మొదట్లో వైరు తెగుతుంది, ఆ తర్వాత తల పట్టీ మడత దగ్గర విరుగుతుంది. అందుకే ఏది కొన్నా వైరు ఊడదీసి మార్చుకునే వీలున్నదే చూడండి. చెవి మెత్తలు కూడా మార్చుకోగలగాలి. మన చెమటకు రెక్సిన్ మెత్తలు పొట్టు రాలతాయి. గుడ్డ మెత్తలైతే ఎక్కువ కాలం వస్తాయి, అయితే శబ్దాన్ని అంత గట్టిగా ఆపవు.

తమ్ముడూ, నీ కంప్యూటర్ వెనుక శబ్దానికి ఆకుపచ్చ, మైకుకు గులాబీ రంధ్రాలు విడివిడిగా ఉన్నాయేమో చూసుకో. ఫోనుకు పనికొచ్చే ఒకే పిన్ను హెడ్‌సెట్ వాటిలో పెడితే మైకు పలకదు. మధ్యలో ఒక పిన్నును రెండుగా విడదీసే స్ప్లిటర్ కావాలి. చాలామంది మైకు చెడిపోయిందని కొత్త హెడ్‌సెట్ పట్టుకుని నా దగ్గరికి వస్తారు. ముందువైపు రంధ్రంలో గుయ్‌మని మోత వస్తే వెనుకదానిలో పెట్టి చూడు, లేదా చిన్న యూఎస్‌బీ సౌండ్ కార్డు వాడు. బ్లూటూత్ మాత్రం వద్దు. తుపాకీ పేలాక శబ్దం ఆలస్యంగా వస్తుంది, మైకు ఆన్ చేయగానే చాలావాటిలో ధ్వని ఫోను కాల్ స్థాయికి పడిపోతుంది. 250 ఓమ్‌ల స్టూడియో హెడ్‌ఫోన్లు కూడా వద్దు, ఓమ్‌లు (కరెంటును అడ్డుకునే కొలత) అంత ఎక్కువైతే శబ్దం పెంచడానికి విడిగా యాంప్లిఫయర్ కావాలి. 32, 60 ఓమ్‌లవి కంప్యూటర్‌కే చక్కగా పలుకుతాయి.

సూర్యాపేట అమ్మ
మీరందరూ బయటి శబ్దం లోపలికి రాకూడదని అంటున్నారు. పోయిన వేసవిలో మా అత్తగారు రాత్రి నీళ్ల కోసం లేచి, తూలి, గోడ పట్టుకుని పిలిచారు. అదే గదిలో ఆడుతున్న మా అబ్బాయికి వినపడలేదు. పక్క గదిలోంచి నేను పరుగెత్తుకొచ్చాను. ఆమెకు దెబ్బ తగల్లేదు కానీ ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. చెవులు పూర్తిగా మూసేది కొనమని నేను ఏ పిల్లవాడికీ చెప్పను.

మిల్లు వీధి, మిర్యాలగూడ
అమ్మా, ఇది నాకు తట్టలేదు. కొన్ని హెడ్‌సెట్లలో సైడ్‌టోన్ ఉంటుంది. మైకు పట్టుకున్న శబ్దాన్ని మన చెవిలోనే వెంటనే వినిపిస్తుంది. మన గొంతు మనకు వినపడితే అరవకుండా మాట్లాడతాము, దగ్గరలో ఎవరైనా గట్టిగా పిలిస్తే అదీ కొంత వినపడుతుంది. కానీ మైకు మాట కోసం నోటి పక్కన ఉంటుంది కాబట్టి గది మూలనుంచి సన్నగా పిలిస్తే అందుతుందని నేను హామీ ఇవ్వలేను. తమ్ముడు మంచం కనిపించేలా కూర్చోవాలి.

రామగిరి వాసి
అందరికీ కృతజ్ఞతలు. నిన్న సాయంత్రం టేబుల్ తిప్పేశాను. ఇప్పుడు మానిటర్ పక్కనుంచి నాయనమ్మ మంచం కనిపిస్తోంది. వెనుక మూసి ఉండి, నోటి పక్కన మైకు, వైరు మార్చుకునే వీలు, సైడ్‌టోన్ ఉన్న స్టీరియో హెడ్‌సెట్ చూస్తాను. 7.1 ఉన్నా దాన్ని ఆపేస్తాను. బావ నా మాట విని కాసేపు మౌనంగా ఉండి, సికింద్రాబాద్‌లో కంప్యూటర్ దుకాణాలుండే సీటీసీకి తోడు వస్తానన్నాడు. నాకు కళ్లద్దాలు ఉన్నాయి. పావుగంట తలకు పెట్టుకుని చూడనిచ్చే దుకాణంలోనే కొంటాను.

గడియారం సెంటర్ అన్నా, నా కంప్యూటర్‌కు రంధ్రాలు రెండూ విడివిడిగానే ఉన్నాయి. స్ప్లిటర్ మీ దగ్గర ఉందా?

గడియారం సెంటర్ రిపేరు
ఉంది. హెడ్‌సెట్ కూడా పట్టుకురా, ఇక్కడే మైకు పలికించి చూసుకుని వెళ్దువు.