డ్రూపల్ 7 నుంచి 10కి మార్చాక పాత వ్యాసాలు ఖాళీగా కనిపిస్తున్నాయి

వెబ్‌సైట్లు నడిపే సాఫ్ట్‌వేర్ డ్రూపల్‌లో మా గ్రంథాలయం సైటును వెర్షన్ 7 నుంచి 10కి మారుస్తున్నాను. 2025 జనవరి 5తో పాత వెర్షన్‌కు మద్దతు ముగిసింది కాబట్టి ఇక ఆగలేను. డ్రూపల్ కమాండ్ లైన్ సాధనం డ్రష్‌తో చేసిన మైగ్రేషన్ (పాత సైటు సమాచారాన్ని కొత్తదానికి తరలించడం) ఏ తప్పూ చూపకుండా పూర్తయింది. శీర్షికలు, తేదీలు, బొమ్మలు వచ్చాయి. కానీ 640 పాత వ్యాసాల్లో శీర్షిక కింద అంతా తెల్లగానే ఉంది. డేటాబేసులో మాత్రం పాఠం ఒక్క అక్షరం పోకుండా భద్రంగా ఉంది! వీటన్నిటి టెక్స్ట్ ఫార్మాట్ (పాఠాన్ని ఎలా చూపాలో నిర్ణయించే అమరిక) పీహెచ్‌పీ కోడ్. కొత్త సైటులో దాని ఫిల్టర్ స్థానంలో పాఠాన్ని ఖాళీగా చూపే ఫిల్టర్ నల్ చేరింది.

క్యాష్ ఖాళీ చేశాను, రోల్‌బ్యాక్ చేసి రెండుసార్లు మళ్లీ దిగుమతి చేశాను. ఫలితం లేదు. ఒక వ్యాసాన్ని చేత్తో ఫుల్ హెచ్‌టీఎంఎల్‌కు మారిస్తే వెంటనే కనిపించింది. వ్యాసాల్లో నిజమైన పీహెచ్‌పీ కోడ్ ఎక్కడా లేదు, వెతికి చూశాను.

దిగుమతి సమయంలోనే ఈ ఫార్మాట్ మారాలంటే మైగ్రేషన్ నియమాలుండే యామల్ ఫైలులో ఏ ప్రాసెస్ ప్లగిన్‌ను (దిగుమతిలో విలువలను మార్చే భాగాన్ని), ఎక్కడ రాయాలి?