డెంగీ తగ్గాక అమ్మకి సర్పి, ఆరు వారాలైనా మంట పోవట్లేదు

మాది విశాఖ, గాజువాక. అమ్మకి 58 ఏళ్లు. సెప్టెంబర్‌లో డెంగీ వచ్చి ఏడో రోజుకి జ్వరం తగ్గింది. పన్నెండో రోజున కుడి పక్కటెముకల మీద సర్పి లేచింది. చిన్నప్పుడు పోసిన ఆటలమ్మ వైరస్ నరాల మొదళ్లలో ఇన్నేళ్లూ దాక్కుని ఉంటుందట, ఒంట్లో రోగనిరోధక శక్తి తగ్గితే మళ్లీ లేస్తుందని డాక్టర్ చెప్పారు. వైరస్‌ని అణిచే మందు ఎసైక్లోవిర్ 800 రోజుకి ఐదుసార్లు, వారం వాడాం. పొక్కులు ఎండిపోయాయి. మంట మాత్రం అలాగే ఉంది. జాకెట్టు అంచు తగిలినా ఉలిక్కిపడుతోంది, ఫ్యాన్ గాలి కూడా ఓర్చుకోలేకపోతోంది. చూడలేకపోతున్నాను. కాలమైన్, పారాసిటమాల్ పనిచేయలేదు. పదిహేను రోజులుగా రాత్రి నరాల నొప్పి మందు ప్రీగాబాలిన్ 75 వేస్తున్నాం, మత్తు తప్ప తేడా లేదు. ప్లేట్‌లెట్లు 2.1 లక్షలు, షుగర్ మామూలే. డెంగీ తర్వాత ఇలా సర్పి వచ్చినవాళ్లకి ఈ మంట దేనితో తగ్గింది?