రెండు నెలల జీతం బాకీ, పైగా 8 రోజుల కోత. లేబర్ ఆఫీసులో అర్జీ తీసుకోవట్లేదు!

డంపర్_బిషిఫ్ట్:
అన్నలూ, ఎవరైనా దారి చెప్పండి. పొద్దుట్నుంచి తిరిగి తిరిగి కాళ్లు పీకుతున్నాయి. కాంట్రాక్టర్ రెండు నెలల జీతం ఆపాడు. అడిగితే కంపెనీ బిల్లు పాస్ చేయలేదంటాడు. ఒళ్లు మండి ఒకరోజు చాలామందిమి కలిసి సెలవు పెట్టాం. దానికి 8 రోజుల జీతం కోస్తానని నోటీసు అంటించాడు. లేబర్ ఆఫీసుకెళ్తే "మా పరిధి కాదు" అని అర్జీ వెనక్కిచ్చేశారు. ఇక మాకు దిక్కెవరు?

కామ్రేడ్_మామ:
అసలు రోగం కాంట్రాక్టు పద్ధతే తమ్ముడూ. 1970 కాంట్రాక్టు కార్మికుల చట్టం సెక్షన్ 10 కింద ప్రభుత్వం దాన్ని నిషేధించగలిగేది. 2001లో సెయిల్ (ప్రభుత్వ ఉక్కు కంపెనీ) కేసులో సుప్రీంకోర్టు తీర్పు వచ్చాక, నిషేధించినా కార్మికుడు దానంతటదే పర్మినెంట్ కాడని తేలిపోయింది. అప్పట్నుంచే ఈ దౌర్భాగ్యం. అందరూ కలిసి పర్మినెంట్ డిమాండ్ పెట్టండి.

సెక్షన్_శాస్త్రి:
ఎక్కడ పని? ఎంతమంది? నోటీసిచ్చారా?

డంపర్_బిషిఫ్ట్:
సమ్మె కాదుగా సార్, నోటీసెందుకు? 110 మందిమి, 70 మంది రాలేదు. సున్నపురాయి గని. అదీ చెప్పాలా?

సెక్షన్_శాస్త్రి:
చెప్పాల్సింది అదే. గనులన్నీ కేంద్రం పరిధి, వాటిలో కాంట్రాక్టర్లతో సహా. సింగరేణిలో రాష్ట్రానికి 51 శాతం వాటా ఉన్నా అక్కడి వివాదాలు కేంద్ర లేబర్ అధికారుల దగ్గరికే పోతాయి. మీరు వెళ్లాల్సింది అసిస్టెంట్ లేబర్ కమిషనర్, సెంట్రల్. కేంద్ర లేబర్ శాఖ ఆన్‌లైన్ ఫిర్యాదుల సైటు సమాధాన్ పోర్టల్లో వేయొచ్చు. చేత్తో ఇస్తే కాపీ మీద సీలు, తేదీ వేయించుకోండి.

అర్జీలో కాంట్రాక్టర్‌తోపాటు గని యాజమాన్యాన్నీ పార్టీగా చేర్చండి. ఇది మరిచిపోతే వాడు బోర్డు తిప్పేశాక ఎవర్ని పట్టుకుంటారు? వేతనాల కోడ్ అనే కొత్త చట్టం సెక్షన్ 43 ప్రకారం కాంట్రాక్టర్ ఇవ్వకపోతే సంస్థ యజమాని ఇవ్వాలి. నెల జీతం మరుసటి నెల 7వ తేదీ దాటకూడదు. బిల్లు పాస్ కాలేదన్నది వాళ్లిద్దరి గొడవ, మీకు సంబంధం లేదు.

ఆ గనిలోనే చేశారని రుజువుకి గేట్ పాస్, వీటీసీ (గని పని శిక్షణ) సర్టిఫికెట్, ఫారం ఓ అనే గని మెడికల్ పరీక్ష కాగితం, పీఎఫ్ పాస్‌బుక్. కాంట్రాక్టర్ చేతిలో ఒరిజినల్స్ ఉంటే ముందు ఫొటోలు తీసుకోండి.

కామ్రేడ్_మామ:
సెలవుని సమ్మె అనడం యాజమాన్యం భాష! సెలవు హక్కు.

సెక్షన్_శాస్త్రి:
మామగారూ, 2025 నవంబర్ 21 నుంచి అమల్లో ఉన్న పారిశ్రామిక సంబంధాల కోడ్‌లో 50 శాతం, ఆపైన కలిసి ఒకే రోజు క్యాజువల్ లీవ్ పెడితే అది సమ్మే. 110లో 70 అంటే లెక్క దాటింది. పాత చట్టంలో ముందస్తు నోటీసు పబ్లిక్ యుటిలిటీలకే (రైల్వే, కరెంటు, నీళ్ల లాంటి సేవలు), ఇప్పుడు అన్ని పరిశ్రమలకూ 14 రోజులు. లేబర్ అధికారి దగ్గర రాజీ చర్చలు నడుస్తుండగా, ముగిశాక 7 రోజుల దాకా సమ్మె కుదరదు. నాకు నచ్చడం వేరు, రాసి ఉన్నది వేరు.

గేట్‌పాస్:
అయితే 8 రోజులు పోయినట్టేనా?

సెక్షన్_శాస్త్రి:
కాదు. పది మంది, అంతకుమించి నోటీసు లేకుండా, సరైన కారణం లేకుండా కలిసి మానేస్తేనే 8 రోజుల దాకా కోయొచ్చు. అదీ నోటీసు షరతు ఉద్యోగ ఒప్పందంలో ఉంటేనే. రెండు నెలలు జీతం లేకపోవడం కారణం కాదా అని సెంట్రల్ ఆఫీసులోనే వాదించొచ్చు. రాని ఆ ఒక్కరోజు జీతం మాత్రం అడక్కండి. అపాయింట్‌మెంట్ లెటర్‌లో ఏముంది?

డంపర్_బిషిఫ్ట్:
లెటరా? ఎవరిచ్చారు సార్!

సెక్షన్_శాస్త్రి:
మంచిదే. లెటర్ ఇవ్వడం ఇప్పుడు తప్పనిసరి, ఇవ్వలేదని అర్జీలో ఒక లైను రాయండి. ఆ నోటీసు షరతు చూపించమని కాంట్రాక్టర్నే అడగండి.

కామ్రేడ్_మామ:
యూనియన్ పెట్టుకోండి ముందు. రిజిస్ట్రేషన్‌కి ఏడుగురు సంతకం చేస్తే చాలు.

సెక్షన్_శాస్త్రి:
ఏడుగురు సరే, పనిచేసేవాళ్లలో 10 శాతమో 100 మందో, ఏది తక్కువైతే అంతమంది సభ్యులుండాలి. మీకైతే 11 మంది.

గేట్‌పాస్:
పాత కాంట్రాక్టర్ పోయి కొత్తవాడొస్తే పీఎఫ్ సర్వీసు తెగిపోతుందా?

డంపర్_బిషిఫ్ట్:
సరే, రేపు సెంట్రల్ ఆఫీసుకెళ్తా. థ్యాంక్స్.