ఇంగ్లీషు మాట కింద తెలుగులో పలుకు రాసివ్వాలా, వద్దా?

పలకబలపం:
డిస్లెక్సియా (చదవడం, రాయడం బాగా కష్టమయ్యే ఇబ్బంది) ఉన్న పిల్లలకు ఇంగ్లీషు నేర్పేటప్పుడు సీ-ఏ-టీ కింద 'క్యాట్' అని రాసిస్తే తప్పేమిటి? తెలుగులో రాసినట్టే పలుకుతాం. ఇంగ్లీషులో 26 అక్షరాలతో 44 దాకా ధ్వనులు రాయాలి. 'ఏ' క్యాట్‌లో ఒకలా, కేక్‌లో ఒకలా, బాల్‌లో ఇంకోలా. ఆ ఆసరా కూడా తీసేస్తే పాఠం సాగదు.

ధ్వనిపెట్టె:
వద్దండీ. ఆ 'క్యాట్' ఒకసారి చూడండి: క, కింద యావత్తు, పైన దీర్ఘం, చివర పొల్లు ట. వత్తుల దగ్గరే తడబడే పిల్లలకు మూడక్షరాల మాట కోసం ఇన్ని గుర్తులా? ఎలాగో చదివినా చూపంతా కింది వరుస మీదే. అది చెరిపేస్తే మాట మళ్లీ కొత్తదే. పైగా 'వెస్ట్' అని రాస్తే బనియనా, పడమరా? వీ, డబ్ల్యూ రెండూ మనకు 'వ'యే.

తెలుగులో వివరించండి, రాయకండి. రోజుకు 20 నిమిషాలు చాలు. మూడు గడులు గీసి మూడు చింతగింజలివ్వండి. 'పెన్' అంటూ ధ్వనికో గింజ గడిలోకి జరపాలి. అది కుదిరాకే గింజల చోట అక్షరాల ముక్కలు, తర్వాత ఇసుక పళ్లెంలో పలుకుతూ వేలితో రాయడం. చిన్న బీ, డీ ఒకదాన్ని తిరగేస్తే ఇంకోటిలా ఉంటాయి, అందుకే బీ స్థిరపడేదాకా డీ జోలికి పోకండి.

అసలు దెబ్బతినేది 'బ, ఆ, ట' అనిపించడం దగ్గర. మన హల్లుకు 'అ' అంటుకునే ఉంటుంది, కలిపితే బ్యాట్ రాదు. బ్, ట్ అని పొల్లుగా పలికించాలి. నకార పొల్లు తెలిసిన పిల్లలు ఇట్టే పట్టుకుంటారు.

గుణింతం:
పొల్లు సంగతి నిజమే. కానీ మూడు ధ్వనులు విడిగా చెప్పి కలపమంటే చాలామంది ఆగిపోతారు. గుణింతం అలవాటు వాడుకోండి: ముందు 'పె', 'న్'. అది వచ్చాకే 'పె'ని విడదీయండి.

మాటలు ఇంట్లో వినేవే కావాలి: బస్, కప్, జగ్, బ్యాగ్. ఇలా చూస్తూ, పలుకుతూ, వేలితో రాస్తూ అక్షరాల ధ్వనులు నేర్పే ఆర్టన్-గిలింగ్‌హామ్ పద్ధతి అమెరికాలో ఇంగ్లీషు ఇంటి భాషైన పిల్లల కోసం పుట్టింది. వాళ్లకు మాట ముందే తెలుసు. తెలియని మాట చదివిస్తే సరిగ్గా చదివామో లేదో మన పిల్లలకు అంతుపట్టదు. ఇంకోటి: ఇంట్లో బస్సు, జగ్గు అంటాం కనుక చివర 'యు' చేర్చి రాస్తారు. దాన్ని డిస్లెక్సియా ఖాతాలో వేయకండి.

పలకబలపం:
గింజలకు ఒప్పుకుంటాను. మరి 'సెడ్' లాంటివి? ఎస్-ఏ-ఐ-డీ అని రాసి 'సెడ్' అంటే ఏ గడిలో ఏం పెట్టాలి?

ధ్వనిపెట్టె:
మూడు గడులే. ఎస్, డీ మామూలుగానే పలుకుతాయి. ఏ, ఐ రెండూ నడిమి గడిలో పెట్టి, ఆ గడికి మాత్రం ఎర్ర రంగు వేయించండి. ఇలాంటివి వారానికి రెండు మించొద్దు.